ఆదివారం మాక్ టెస్ట్ రాస్తే బుధవారం దాకా చదువు సాగడం లేదు

నేను అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టులో లెక్కలు రాస్తూ గ్రూప్-2 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఉదయం 5 నుంచి 7:30, రాత్రి 8:30 నుంచి 10. సిలబస్‌తో పెద్ద ఇబ్బంది లేదు. పేపర్-1లో చరిత్ర, పాలిటీ బాగానే వస్తున్నాయి. పేపర్-2లో ఎకానమీ కాస్త బరువు.

గొడవంతా ఆదివారం ఆన్‌లైన్‌లో రాసే 150 మార్కుల మాక్ టెస్ట్‌తో. తప్పుకి మూడో వంతు మార్కు పోతుందన్న భయంతో, తెలిసిన జవాబు కూడా చివర్లో మార్చేస్తున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని మా వైపు ఎవరినడిగినా చెబుతారు, దానికీ అనుమానమే! మార్కులు చూశాక "ఇది నావల్ల అయ్యేదేనా" అని మొదలవుతుంది. సోమ, మంగళవారాలు పుస్తకం తెరిచే ఉంటుంది, ఒక్క ముక్క ఎక్కదు. బుధవారానికి గానీ కుదురుకోను.

మోటివేషన్ వీడియోలు చూశాను, వాటి ప్రభావం టీ తాగేలోపు దిగిపోతుంది. అమలాపురంలో నలుగురితో కలిసి చదివితే మార్కులు పోల్చుకోవడమే మిగిలింది. ఫోన్ అక్కకి ఇచ్చేశాను, టైం మిగిలింది గానీ ఆలోచనలు ఆగలేదు. కొన్నాళ్ళు టెస్టులు మానేస్తే మనసు తేలికపడింది, మళ్ళీ రాసినప్పుడు భయం ఇంకా ఎక్కువైంది. కోచింగ్‌కి వెళ్ళమని చెప్పకండి, ఉద్యోగం మానే వీలు లేదు.

ఉద్యోగం చేసుకుంటూ చదివినవాళ్ళని అడుగుతున్నాను: మార్కులు తగ్గిన మర్నాడు ఉదయమే మళ్ళీ చదువులో పడడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏమిటి?