ఫైబ్రోస్కాన్‌లో 11.6, ఎంఆర్ఐలో 3.8... లివర్ బాగుపడినట్టేనా?

ప్రశ్న:
మా అన్నయ్యకి 46 ఏళ్ళు, షుగర్ ఉంది, బరువు 104 కేజీలు. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్‌లో 11.6 కిలోపాస్కల్ వచ్చింది, ఒళ్ళు ఎక్కువ ఉండటం వల్ల రీడింగ్ నమ్మలేం అని డాక్టర్ గారు ఎంఆర్ ఎలాస్టోగ్రఫీ (ఎంఆర్ఐతో గట్టిదనం కొలిచే స్కాన్) రాశారు, మొన్న చేయిస్తే 3.8, లివర్‌లో ఫ్యాట్ 17 శాతం వచ్చింది. అపాయింట్‌మెంట్ వచ్చే వారం. ఈలోపు అన్నయ్య 11 నుంచి 3కి దిగిపోయింది కదా, అప్పుడప్పుడు రెండు పెగ్గులు పర్లేదు అంటున్నాడు, నాకు భయంగా ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్

ఎంఆర్ఐ టెక్నీషియన్:
దిగలేదండి, అస్సలు దిగలేదు! రెండూ కిలోపాస్కలే కానీ కొలిచేది ఒకటి కాదు. ఫైబ్రోస్కాన్ ఇచ్చే నంబర్ ఎంఆర్ఐ నంబర్‌కి సుమారు మూడింతలు ఉంటుంది. 3.8ని మూడుతో గుణించి చూడండి, 11.4, అంటే దాదాపు అక్కడే ఉన్నారు. మేం కుడివైపు పక్కటెముకల మీద గుండ్రటి ప్యాడ్ పెట్టి బెల్ట్ బిగిస్తాం, అది సెకనుకి 60 సార్లు అదురుతుంది, ఆ అదురు లివర్ లోపల అలల్లా పోతుంటే ఫోటో తీస్తాం, లివర్ ఎంత గట్టిపడితే అల అంత వేగంగా పోతుంది, అలల మధ్య దూరం పెరుగుతుంది. ఎంఆర్ఐలో 2.5 లోపు నార్మల్, 5 దాటితే సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి బాగా గట్టిపడిపోవడం) కింద చూస్తారు. 3.8 మామూలు విషయం కాదు. ఫ్యాట్ కూడా 5 శాతం లోపు ఉండాలి.

ఇంకో సమాధానం:
పైన టెక్నీషియన్ గారు చెప్పింది కరెక్ట్. ఇంకోటి, ఖాళీ కడుపుతో చేయించారా? కనీసం నాలుగు గంటలు ఏం తినకూడదు, తింటే లివర్‌కి రక్తం ఎక్కువొచ్చి నంబర్ కాస్త పెరుగుతుంది. రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) బాగా ఎక్కువున్నా, వాపు వల్ల గట్టిగా చూపిస్తుంది. ఆ రిపోర్టులన్నీ కలిపి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో, పొద్దున ఇడ్లీ తినే వెళ్ళాడు, ఎవరూ చెప్పలేదు. బయాప్సీ చేయిస్తే పక్కాగా తెలుస్తుందా?

ఎంఆర్ఐ టెక్నీషియన్:
ఇడ్లీ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. దాని వల్ల కొంచెం పెరిగి ఉండొచ్చు కానీ నార్మల్ అనుకోడానికి లేదు. బయాప్సీలో సూదికి వచ్చే ముక్క మొత్తం లివర్‌లో 50 వేల వంతు, ఎలాస్టోగ్రఫీలో చాలా భాగం కనిపిస్తుంది. అయినా వాపు ఏ రకం, కారణం ఏంటి అన్న డౌట్ ఉంటే బయాప్సీయే కావాలి, అది డాక్టర్ డిసైడ్ చేస్తారు. మళ్ళీ స్కాన్ రాస్తే ఇదే పద్ధతిలో, వీలైతే ఇదే సెంటర్‌లో చేయించండి, అప్పుడే పోల్చుకోవచ్చు. మద్యం మాత్రం ఒక్క చుక్క కూడా వద్దండి, పది కేజీలు తగ్గితే ఫ్యాట్ బాగా దిగుతుంది, గట్టిదనం కూడా వెనక్కి రావొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. మూడింతల లెక్క ఇప్పుడే వదినకి చెప్పాను, అన్నయ్యకి ఆవిడ చెప్తేనే ఎక్కుతుంది.