సమస్యాపూరణం: “తీసివేయగానె తిరిగివచ్చె”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి.

తీసివేయగానె తిరిగివచ్చె

విషయం ల్యాప్‌టాప్. పవర్ మీట నొక్కితే కంపెనీ గుర్తు కనిపిస్తుంది, అక్కడే ఆగిపోతుంది, విండోస్ దాకా పోదు. గత ఆదివారం మా ఇంట్లో ఇదే జరిగింది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తిప్పలే. ఆ టెన్షన్‌లోనే ఈ పాదం తట్టింది. తీసేసిన వస్తువు పోవాలి గానీ తిరిగి రావడమేమిటి? ఆ విరోధాన్ని మీరు విప్పాలి. ఒక్క షరతు: చెప్పే కారణం పద్యంలోనే కాదు, మెషిన్ దగ్గర కూడా నిలబడాలి. దైవకృప అని విప్పితే ఒప్పుకోను.

కొత్తవారి కోసం: గణమంటే గురు (బరువు), లఘు (తేలిక) అక్షరాల గుంపు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం) నాలుగో గణం మొదటి అక్షరం. సమస్యలో తీ–తి.

గుంటూరు సభ్యుడు:
మాస్టారూ, మొదటి పూరణ నాదే.

లోగొ దాటి పోక లోలోన కుములుచు
నిలిచె ల్యాపుటాపు నిన్న రేయి
పెన్ను డ్రైవు మరచి పెట్టియుంటిని, దాని
తీసివేయగానె తిరిగివచ్చె

నిర్వాహకుడు:
తమ్ముడూ, ‘లోలోన కుములుచు’ చాలా బాగుంది. ఫ్యాన్ తిరుగుతూ, తెర కదలకుండా ఉన్న మెషిన్ కళ్ళముందు కనిపించింది. గణాలు సరి, యతులు సరి. చిక్కంతా ‘దాని’ దగ్గరే. అది ద్వితీయా విభక్తి, చివర ద్రుతం (నకారం) ఉంటుంది. కాబట్టి పక్కనున్న ‘తీసి’ కాస్తా ‘దీసి’ అవుతుంది (ఇదే సరళాదేశం): ‘దానిఁ దీసివేయ’. అప్పుడు నేనిచ్చిన పాదమే మారిపోతుంది. జడపదానికి (ప్రాణంలేని వస్తువు పేరుకి) ద్వితీయ బదులు ప్రథమ వాడుకోవచ్చు గనక ఇలా మార్చి చూడు:

పెన్ను డ్రైవు మరచి పెట్టియుంటి నదియె

కారణం మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. బూట్ ఆర్డర్‌లో (ఏ డ్రైవు నుంచి మొదలవ్వాలో చెప్పే వరుసలో) యూఎస్‌బి మొదట ఉంటే ఫర్మ్‌వేర్ (మీట నొక్కగానే ముందు నడిచే ప్రోగ్రామ్) ముందు దాని తలుపే తడుతుంది. అందులో బూట్ ఫైలు లేకపోతే తర్వాతి డ్రైవుకి పోవాలి. కొన్ని మెషిన్లు పోకుండా అక్కడే నిలబడిపోతాయి. అందుకే పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, మౌస్ డాంగిల్, ప్రింటర్ వైరు అన్నీ పీకి చూడటం మొదటి పని. మెషిన్ లేచాక సెటప్‌లోకి, అంటే ఫర్మ్‌వేర్ సెట్టింగుల పేజీకి వెళ్ళి (ఎఫ్2, ఎఫ్10, డిలీట్ మీటల్లో ఒకటి, కంపెనీని బట్టి) విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చుకోవాలి. లేకపోతే మళ్ళీ ఇదే పాట.

రాజమండ్రి సభ్యురాలు:
పెన్‌డ్రైవ్ పద్యానికి కూడా సరళాదేశం పట్టించుకోవాలా, మాస్టారూ?

నిర్వాహకుడు:
మిగతా మూడు పాదాల్లో వాడుక మాట వచ్చినా సర్దుకుంటానమ్మా. సమస్య పాదంలో మాత్రం ఒక్క అక్షరం కదలకూడదు. అది అడిగినవాడి సొత్తు. అవధానంలో పృచ్ఛకుడు (సమస్య ఇచ్చినవాడు) ఊరుకుంటాడా?

రాజమండ్రి సభ్యురాలు:
అయితే ఇది చూడండి.

మీట నొక్క వెలుగు మినుకుమన్నది, బొమ్మ
కదల నన్న దింక, గంట దాటె,
ప్రాణమనగ నున్న బ్యాటరీ యదియేమొ
తీసివేయగానె తిరిగివచ్చె

నిర్వాహకుడు:
ప్రాణం తీసేస్తే ప్రాణం తిరిగి రావడం! సమస్యలోని విరోధాన్ని పెంచి మరీ విప్పారు. ‘బొమ్మ కదల నన్నది’ అన్నచోట పాదం విరిగి ఆగడం కూడా అర్థానికి తగ్గట్టే ఉంది. ఒక్క ‘యదియేమొ’ దగ్గర కారణం చెప్పకుండా దాటేశారు. ఆ కారణం నేను చెబుతాను. స్విచ్ ఆపినా బోర్డులో కొంత కరెంటు మిగిలి ఉంటుంది. దానివల్ల ఏదో ఒక చిప్ పాత స్థితిలోనే చిక్కుకుపోతుంది. ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ మీట ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆ మిగులు కూడా పోతుంది. తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి చూడాలి. బ్యాటరీ లోపలే బిగించి ఉంటే అడుగు మూత విప్పి దాని కనెక్టర్ ఊడదీయాలి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం చేయి పెట్టవద్దు, బాగుచేసే వాళ్ళకే ఇవ్వండి.

డాలస్ సభ్యుడు:
నేను మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ తీసుకున్నాను.

నాణె మంత చిన్న బిళ్ళ నడిబోర్డుపై నుండె
తప్పు గుర్తులన్ని దాచుకొనుచు
మరచినట్టి బూటు మార్గమ్ము బిళ్ళనే
తీసివేయగానె తిరిగివచ్చె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో ఒక సూర్యగణం ఎక్కువైంది, దానితో యతి కూడా తప్పింది. ‘చిన్న’ తీసేయండి: ‘నాణె మంత బిళ్ళ నడిబోర్డుపై నుండె’. నా–న కుదిరింది. (నాణెమంత అన్నాక చిన్న అని వేరే చెప్పక్కర్లేదు కూడా.) ‘తప్పు గుర్తులన్ని దాచుకొనుచు’ ఎంత చక్కటి పాదమో! 3 వోల్టుల సీఆర్2032 బిళ్ళని ఇంత ప్రేమగా చెప్పిన పద్యం నేను చూడలేదు.

బిళ్ళ తీస్తే దాచుకున్న తప్పు సెట్టింగులు పోతాయన్నది మీ కారణం. ఇది చదివి ఎవరైనా స్క్రూడ్రైవర్ పట్టుకునేలోపు రెండు మాటలు చెప్పాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఈ బిళ్ళ ఉండదు. ఉన్నా సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లో (కరెంటు లేకపోయినా గుర్తుంచుకునే చిప్‌లో) ఉంటాయి గనక బిళ్ళ తీసినంత మాత్రాన పోకపోవచ్చు. సెట్టింగులు పోతే ఇంకో చిక్కు. డ్రైవు మోడ్ (బోర్డు డ్రైవుతో మాట్లాడే పద్ధతి) రైడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోతే విండోస్ నీలి తెర చూపించవచ్చు. బిట్‌లాకర్ (విండోస్ డ్రైవుకి వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ముందు సెటప్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, కీ ఎక్కడుందో చూసుకోండి, ఆ తర్వాతే బిళ్ళ జోలికి వెళ్ళండి.

హనుమకొండ సభ్యురాలు:
పద్యాలు రాయడం కొత్త నాకు. కానీ ఈ వారం నిజంగా నా ల్యాప్‌టాప్ ఇలాగే ఆగింది. తప్పులుంటే దిద్దండి.

గుండె చెడినదేమొ, గుర్తు మీదనె నిల్చె
మీట లెన్ని నొక్క మేలుకొనదు
పాప బొమ్మలున్న ఫలకమే దోషమై
తీసివేయగానె తిరిగివచ్చె

నిర్వాహకుడు:
అమ్మా, ఛందస్సులో దిద్దడానికి ఏమీ లేదు. ‘పాప బొమ్మలున్న ఫలకమే దోషమై’ దగ్గర నా చూపు ఆగిపోయింది. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటిలో ఎస్‌ఎస్‌డి (ఫైళ్ళు దాచుకునే డ్రైవు) నిజంగా ఫలకమే, వేలంత ఉంటుంది, ఒక్క స్క్రూతో నిలుస్తుంది. చెడిన డ్రైవు జవాబివ్వకపోతే కొన్ని మెషిన్లలో ఫర్మ్‌వేర్ దానికోసం ఎదురుచూస్తూ గుర్తు మీదే ఉండిపోతుంది, సెటప్ కూడా తెరుచుకోదు. డ్రైవు తీయగానే సెటప్ వచ్చిందంటే బోర్డు, ర్యామ్ చాలావరకు బాగున్నట్టే. దోషం ఎక్కడుందో తేలిపోయింది.

అడగాల్సింది ఒక్కటే. తిరిగివచ్చింది ఏమిటి? డ్రైవు లేకుండా విండోస్ రాదు కదా. ఆ మాట పద్యంలో పడాలి.

హనుమకొండ సభ్యురాలు:
వచ్చింది సెటప్ పేజీయే మాస్టారూ. రెండో పాదం మార్చాను:

సెటపు పేజి కూడ చేరదాయె

నిర్వాహకుడు:
సె–చే యతి కుదిరింది. ‘సెటపు’ అని కుదించడం ఇక్కడ తప్పు కాదు. ఇప్పుడు నాలుగు పాదాలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

పద్యం సంగతి అలా ఉంచి, ఆ డ్రైవుని ఫార్మాట్ చేయమని ఎవరన్నా వినకండి. దాన్ని యూఎస్‌బి ఎన్‌క్లోజర్‌లో (డ్రైవుని బయటినుంచి వైరుతో తగిలించే చిన్న పెట్టెలో) పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించండి. కనిపిస్తే ముందు పాప ఫొటోలే కాపీ చేయండి, మిగతావి తర్వాత. మాటిమాటికీ ఆన్ చేసి ఆపవద్దు. అసలు కనిపించకపోతే అక్కడితో ఆపి, డేటా రికవరీ చేసేవాళ్ళకి ఇవ్వండి.

హనుమకొండ సభ్యురాలు:
నిన్న రాత్రి మా తమ్ముడి కంప్యూటర్‌కి తగిలించాం. మొదటిసారి కనిపించలేదు. వైరు తీసి మళ్ళీ పెడితే వచ్చింది. అన్నప్రాశన ఫోల్డర్ మొత్తం దిగింది. మొదటి పుట్టినరోజుది మూడు ఫొటోల దగ్గర ఆగి, చాలాసేపటికి మళ్ళీ కదిలింది. ఇప్పుడింకా కాపీ అవుతూనే ఉంది, పక్కనే కూర్చున్నాను.