మొదటి ఏడాదిలోనే మణికట్టు పట్టీలు, గ్లవ్స్ కావాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

బరువులెత్తడం మొదలుపెట్టి ఐదు నెలలైంది. బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్ పైకి నెట్టడం) 30 కిలోల దగ్గర ఆగిపోయింది. బార్ పైకి నెడుతుంటే కుడి మణికట్టు వెనుక వైపు నొప్పి. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బార్‌ను పట్టుకుని లేచి నిలబడేటప్పుడు, 60 కిలోలు నడుముకు బరువనిపించవు కానీ నాలుగోసారికే వేళ్లు విడిపోతున్నాయి. జిమ్‌లో శిక్షకుడు గ్లవ్స్, రిస్ట్ రాప్స్, స్ట్రాప్స్ మూడూ కొనమన్నారు. ఊళ్లో దుకాణంలో అడిగితే రాప్‌కూ స్ట్రాప్‌కూ తేడా చెప్పేవారు లేరు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నేను ఇంటి దగ్గర చీరలకు ఫాల్స్ కుడతాను. నిన్న బరంపురం పట్టుచీర ఒళ్లో పెట్టుకుంటే ఉంగరపు వేలి మొదట్లో కాసిన కాయకు పోగు తగులుకుని పైకి లేచింది. పరాయివాళ్ల చీర. గుండె ఆగినంత పనైంది. దీనికోసమైనా గ్లవ్స్ తప్పవా?

గుణుపురం వాసి

కొనేయండి చెల్లెమ్మా. చేతులతో బతికేవాళ్లు ముందు చేతులు కాపాడుకోవాలి. నేను ఆరేళ్లుగా గ్లవ్స్ వేసుకుంటున్నాను, ఒక్క కాయ లేదు. నొప్పి ఉన్నప్పుడు రాప్ కట్టుకోవడంలో తప్పేముంది?

83 కిలోల వర్గం (బరంపురం)

అన్నా, ఈ సలహాతో నేను ఏకీభవించలేను. మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే డబ్బూ పోతుంది, చేయీ పాడవుతుంది. రాప్ మణికట్టుకు మాత్రమే చుట్టేది. బెంచ్ ప్రెస్, భుజాల ప్రెస్ లాంటి నెట్టే వ్యాయామాలకు పనికొస్తుంది. స్ట్రాప్ ఒక కొస మణికట్టుకు, రెండో కొస బార్‌కు చుట్టేది. అది లాగే వ్యాయామాలకు. డెడ్‌లిఫ్ట్‌లో పట్టు నిలవడం లేదని రాప్ బిగించుకున్నవాళ్లను మా జిమ్‌లోనే చూశాను. వేళ్లకు అది చేసే సాయం ఏమీ లేదు.

అమ్మా, మీ మణికట్టు సంగతి. 30 కిలోలకే నొప్పి వస్తోందంటే బార్ వేళ్ల మొదళ్ల వైపు జారుతోందని నా అనుమానం. అలా జారితే చేయి వెనక్కి వంగిపోతుంది. ముంజేతి ఎముకలు మోయాల్సిన బరువు మణికట్టు మీద వేలాడుతుంది. నెట్టేటప్పుడు బార్ అరచేతి అడుగున, బొటనవేలి కింది కండ మీద ఆనాలి. పక్క నుంచి ఫోనులో వీడియో తీయించుకోండి. బార్, మణికట్టు, మోచేయి ఒకదాని కింద ఒకటి నిలువుగా కనిపించాలి. వంగిన మణికట్టుకు రాప్ చుడితే వంకర అలాగే ఉంటుంది, కొన్నాళ్లు నొప్పి మాత్రం తెలియదు. నాకు భయం అక్కడే.

డెడ్‌లిఫ్ట్‌లో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ బార్‌ను అరచేతి నడిమధ్య పట్టుకుంటే బరువుకు కిందికి జారుతూ చర్మాన్ని మడత పెట్టి నొక్కుతుంది. మీ కాయ పుట్టింది అక్కడే. మొదటినుంచే వేళ్ల మొదళ్లలో పట్టుకుంటే మడత తగ్గుతుంది. మిగిలిన కాయను స్నానం చేశాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు, మడమలు రుద్దుకునే రాయితో అరగదీయండి. లేచిన అంచు పోతే చాలు, మొత్తం తీసేయవద్దు. రాత్రి కాస్త కొబ్బరినూనె రాయండి. పట్టుపోగు తగులుకోదు.

ఇక గ్లవ్స్. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో పురుషుల బార్ 28 మిల్లీమీటర్ల మందం, 20 కిలోలు. మహిళలది 25 మిల్లీమీటర్లు, 15 కిలోలు. చిన్న చేతికి సన్నని బార్ కావాలని నియమాలే ఒప్పుకున్నాయి. మన ఊళ్ల జిమ్‌లలో ఆ సన్నని బార్ ఎక్కడుంది? 28 మిల్లీమీటర్ల బార్ మీద మూడు మిల్లీమీటర్ల మెత్త ఉన్న గ్లవ్స్ వేస్తే, మెత్త ఎంత అణిగినా, మీ వేళ్లు చుట్టాల్సింది 34కు దగ్గరగా ఉంటుంది. జారిపోతున్న పట్టును చేజేతులా ఇంకా కష్టపెట్టుకోవడం. బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ లాంటివి ఉండే పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో గ్లవ్స్‌కు అనుమతే లేదు.

కోస్తా ఉక్కకు చెమట పడితే దానికి మందు సుద్దపొడి, అంటే మెగ్నీషియం కార్బొనేట్. పొడి రాలుతుందని జిమ్‌వాళ్లు వద్దంటే ద్రవరూపంలో దొరుకుతుంది, చేతికి రాస్తే ఆరిపోతుంది. ముఖానికి రాసుకునే పౌడర్ మాత్రం వాడకండి, అది ఇంకా జారుతుంది.

గుణుపురం వాసి

బార్ పట్టుకునే తీరు గురించి చెప్పినదానికి ఎదురు చెప్పను. గ్లవ్స్ విషయంలో కూడా తగ్గుతాను, నా చేయి పెద్దది, నాకు తేడా తెలియలేదేమో. స్ట్రాప్స్ దగ్గర మాత్రం తగ్గను. ఈ అమ్మాయి పోటీకి వెళ్లడం లేదు. వీపు, తొడలు ఇంకా పని చేయగలుగుతున్నా వేళ్లు వదిలేస్తున్నాయని వ్యాయామం ఆపడం ఎందుకు? చిన్న చేతులున్నవాళ్లు ఏడాదంతా పట్టు పెరిగేదాకా ఎదురుచూస్తే వీపు అక్కడే ఉండిపోతుంది.

83 కిలోల వర్గం (బరంపురం)

60 కిలోలకే స్ట్రాప్ కడితే ముంజేతికి నేర్చుకునే అవకాశం ఎప్పుడు వస్తుంది? మా ఊరి మండీలో బియ్యం బస్తాలు మోసే కళాసీలను చూడండి. వాళ్ల పట్టు రోజూ పట్టుకోవడం వల్లే వచ్చింది. మన పక్కనే ఉన్న ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో స్ట్రాప్ కట్టనివ్వరు. అక్కడ పట్టంతా చేతిదే. బొటనవేలిని బార్‌కు ఆనించి మిగతా వేళ్లతో దాన్ని బిగించే హుక్ పట్టు ఉంది. మొదట్లో నొప్పిగా ఉంటుంది కానీ చిన్న చేతులకు అదే అండ.

సరే, ఒక మెట్టు దిగుతాను. బరువు పెంచుకుంటూ వెళ్లే సెట్లన్నీ (ఆపకుండా చేసే విడతలన్నీ) ఒట్టి చేతులతో చేయండి. ఆఖరి బరువైన సెట్‌కు, పట్టు నిజంగా చాలనప్పుడు, స్ట్రాప్ కట్టుకోండి. అంతకుమించి ఒప్పుకోను.

రాయగడ ఫిజియో

ఇద్దరూ ఒక మాట అడగలేదు. అమ్మా, ఈమధ్య చేయి ఆనించి కిందపడ్డారా? బొటనవేలిని చాచినప్పుడు దాని మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉందా? అక్కడుండే చిన్న ఎముక చిట్లితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. రాప్ కట్టి నెట్టుకొస్తే అతుక్కోవడం కష్టమవుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే అది నరం సంగతి. ఈ రెండింటిలో ఏది ఉన్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.

రెండూ లేకపోతే పైన చెప్పినట్టు బార్ సరిచేసుకోండి. ఎప్పుడైనా రాప్ కొంటే కీలు మీద కట్టండి. చాలామంది గాజులాగా కీలుకు కింద ముంజేతి మీద కడతారు, దానివల్ల ప్రయోజనం లేదు. సెట్ అవగానే వదులు చేయండి. వేళ్ల కొసలు పాలిపోతే బిగువు ఎక్కువైనట్టే. పొడవు మీటరు దాటనక్కర్లేదు, పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో అనుమతించేదీ అంతే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పడలేదండీ, తిమ్మిరి కూడా లేదు. ఈ సాయంత్రం తమ్ముడితో వీడియో తీయించాను. బరంపురం అన్నగారు చెప్పినట్టే బార్ వేళ్ల మొదళ్ల మీద ఉంది, చేయి వెనక్కి విరిగిపోయి ఉంది. 20 కిలోలకు తగ్గించి, బార్ అరచేతి అడుగున ఆనించి చేశాను. ఎనిమిదిసార్లు నొప్పి లేకుండా లేచింది, తొమ్మిదోసారి మళ్లీ వెనక్కి జారింది. అక్కడే ఆపేశాను.

ద్రవ సుద్ద ఒక్కటే తెప్పించుకుంటున్నాను. స్ట్రాప్స్ విషయంలో గుణుపురం అన్నగారి మాట ఇంకా మనసులో ఉంది. హుక్ పట్టుతో నెల రోజులు చేసి, 60 కిలోలు ఎన్నిసార్లు లేచాయో ఇక్కడే రాస్తాను.