సైన్స్ పదాలకు ఫోన్ యాప్: తరగతిలో వాడొచ్చా, వద్దా?

కాంతిరేఖ:
ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతున్నాను. ఈ ఏడాది పదాల కోసం ఒక రిఫరెన్స్ యాప్ వాడుతున్నాం. పదం నొక్కితే అర్థం, బొమ్మ, పలికే తీరు వస్తాయి. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. పాఠానికి ఆరు పదాలు మించనివ్వను. పిల్లలే వెతికి, సొంత మాటల్లో నోట్సులో రాసుకోవాలి. కణం లోపలి భాగాలకి 1898లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెండా పెట్టిన మైటోకాండ్రియా అనే పేరులో దారం, రేణువు అనే రెండు గ్రీకు ముక్కలున్నాయని చూసిన ఒక అమ్మాయి, కణం ఫొటో దగ్గరకెళ్లి దారాల్లా ఉన్నవాటిని వేలు పెట్టి చూపించింది. ఇంకెవరైనా వాడుతున్నారా?

పాతబల్ల:
మా మనవడి ఫోన్లో ఇలాంటిదే చూశాను. స్పీడ్ అని కొడితే ‘వేగం’. వెలాసిటీ అని కొడితే అదీ ‘వేగం’. మనం నేర్పేదేమిటి? స్పీడ్ అంటే వడి, దానికి దిశ తోడైతే వేగం. వృత్తంలో ఒకే వడితో తిరిగే వస్తువుకి దిశ మారుతూనే ఉంటుంది కాబట్టి వేగం కూడా మారుతూనే ఉంటుంది. రెంటికీ ఒకే మాట ఇస్తే పిల్లాడు ‘ఒకే వేగంతో తిరిగే వస్తువు వేగం మారుతుంది’ అని చదువుకుంటాడు. తప్పు నేర్పేదాన్ని తరగతిలోకి ఎందుకు తేవాలి?

అణువు7:
నా దాంట్లో వడి అనే ఉందండి. యాప్‌ని బట్టి ఉంటుంది.

పాతబల్ల:
ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోవడం మరీ ప్రమాదం. పవర్ చూడండి, ‘శక్తి’. ఎనర్జీ చూడండి, మళ్లీ ‘శక్తి’. మొదటిది సామర్థ్యం, వాట్లలో కొలుస్తాం. రెండోది జౌళ్లలో. లెక్క తప్పేది ఇక్కడే.

కాంతిరేఖ:
సార్, ఆ లోపం ఉంది, కాదనను. కానీ అచ్చయిన పదాలన్నీ సరైనవేనా? ఆక్సిజన్‌ని మనం ఆమ్లజని అని రాసుకున్నాం. ఆమ్లాలన్నిటికీ అదే మూలమనుకుని ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజర్ 1777లో ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. ఆయన పొరపాటు పేరుతోపాటు తెలుగులోకీ దిగింది. మా పిల్లలకి ఇదంతా చెప్పి, యాప్‌లో ఇలాంటివి పట్టుకోమన్నాను.

పాతబల్ల:
నేను వడి గురించి అడిగితే మీరు ఆమ్లజని దగ్గరికి పోయారు. ముందు వడికి జవాబు చెప్పండి.

రాత్రిచదువు:
నేను తొమ్మిదిలో ఉండగా ‘ఉత్ప్రేరకం అంటే ఏంటి సార్’ అని అడిగాను. ‘ఇంకా అదీ తెలీదా’ అని సార్ క్లాసంతటినీ నవ్వించారు. మళ్లీ పది పూర్తయ్యేదాకా చెయ్యెత్తలేదు. ఆ రోజు చేతిలో యాప్ ఉంటే ఈ గతి పట్టేది కాదు. వడి, వడి అని పట్టుకు కూర్చున్న మాస్టార్లకి ఇది ఎప్పటికీ అర్థం కాదు.

పాతబల్ల:
ఎవరో మిమ్మల్ని నవ్వులపాలు చేస్తే నన్నంటారేం? 31 ఏళ్లు పాఠం చెప్పాను. అడిగిన పిల్లాణ్ణి ఒక్కసారి కూడా చిన్నబుచ్చలేదు.

సరే, అసలు సంగతి చెబుతాను. మా మనవడు వ్యాపనం అంటే ఏంటని వాళ్ల టీచర్ని అడిగితే ‘యాప్‌లో చూసుకో’ అని బోర్డు వైపు తిరిగిపోయారట. చూసుకున్నాడు, నిర్వచనం అప్పజెప్పాడు. ‘అంటే ఏంట్రా’ అంటే చెప్పలేకపోయాడు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, నీళ్లు నిలకడయ్యాక పొటాషియం పర్మాంగనేట్ పలుకు ఒకటి జారవిడిచాను. గ్లాసుని ముట్టుకోవద్దన్నాను. అడుగున ఊదారంగు పరుచుకుని, అక్కణ్ణుంచి మెల్లగా పైకి పాకింది. ‘ఎవరూ కలపకుండానే కలుస్తోంది తాతా’ అన్నాడు. అప్పుడు చెప్పాను, దీన్నే వ్యాపనం అంటారని. పదం ఆఖర్న రావాలండీ. మీ యాప్‌లో అది మొదట వస్తుంది. నా గొడవంతా అదే.

అణువు7:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా సార్.

కాంతిరేఖ:
చూపించగలిగేవాటికి మీ వరసే సరైనది, మారు మాట్లాడను. ఐసోటోపుని ఏ గ్లాసులో వేసి చూపించను? ఒకే మూలకం పరమాణువుల మధ్య న్యూట్రాన్ల లెక్కలో ఉండే ఆ తేడా కంటికి కనబడదు. అక్కడ పదమే చేతికందే కొస. ఇంకోటి, మా గదిలో 42 మంది. నోరు తెరిచి అడిగేది నలుగురో ఐదుగురో. మిగతావాళ్లు ఎవర్ని అడగాలి?

పాతబల్ల:
మిమ్మల్నే. వాళ్ల చేత అడిగించడమే మన ఉద్యోగం. ఫోన్ని అడగడం మరిగిన పిల్లాడు ఇక మనల్ని అడగడు.

రాత్రిచదువు:
నేను ఎవర్నీ అడగలేదు సార్. ఫోన్ని కూడా. ఉత్ప్రేరకం అంటే తెలియకుండానే పది పాసయ్యాను.

కాంతిరేఖ:
సోమవారం వడి, వేగం పాఠం. తాడుకి రబ్బరు బంతి కట్టి తిప్పుతాను. ఏది మారుతోంది, ఏది మారడం లేదు అన్నది పిల్లలు పేరు రాయకుండా చీటీల మీద రాసిస్తారు. పదాలు ఆ తర్వాతే. యాప్ చివర్లో తెరిపించి, ఆ రెండు మాటలకీ అది ఏం చెబుతుందో చూడమంటాను.

పాతబల్ల:
బంతిని ఒకసారి వదిలేసి కూడా చూపించండి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి. వదిలిన చోట స్పర్శరేఖ వెంట, అంటే వృత్తాన్ని అక్కడ తాకుతూ పోయే తిన్నని గీత వెంట పోతుంది. దిశ అంటే ఏంటో అక్కడ కనబడుతుంది. చీటీలు బాగున్నాయి. నేనైతే ఫోన్లు మాత్రం తెరిపించను.