పొరలు విడిపోవట్లా, పొద్దుట్నుంచీ ఇదే పని

బ్రాడీపేట:
ఎవరైనా చెప్పండి సార్. పొగాకు వ్యర్థం పొడిలోంచి సోలనెసాల్ అనే పదార్థం తీస్తున్నాం. ఇన్నాళ్లూ హెక్సేన్‌తో చేశాం, బానే వచ్చేది. ఈసారి గ్రీన్ సాల్వెంట్ వాడదామని ఇథైల్ ఎసిటేట్‌కి మారాం. సెపరేటింగ్ ఫనెల్‌లో (పొరలు వేరుచేసే గాజు గరాటు) పోస్తే పొరలే రావట్లా. తొమ్మిదింటికి మొదలెట్టా, ఇప్పుడు నాలుగైంది. ఉప్పు వేశా, ఐసులో పెట్టా, గంటన్నర ముట్టుకోకుండా వదిలేశా. పైనుంచి కిందిదాకా ఒకటే టీ డికాక్షన్ రంగు. సోమవారం శాంపిల్ పంపాలి.

పటమట:
ఏమేం కలిపావు? అంతా రాయి.

ఆటోనగర్:
బాబూ, ముందు ఆ గదిలో గ్యాస్ స్టవ్ ఉంటే ఆర్పెయ్. ఇథైల్ ఎసిటేట్ ఫ్లాష్ పాయింట్ మైనస్ 4 డిగ్రీలు, అంటే అంత చలిలోనూ నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకుంటుంది. దాని ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. ఒక షెడ్డులో డ్రమ్ము మూత తీసి వదిలేశారు, అవతలి గోడ దగ్గర వెల్డింగ్. మంట నేలమీద పరుగెత్తి డ్రమ్ము దాకా రావడం కళ్లారా చూశాను. గ్రీన్ అన్నారు కదా అని ధీమాగా ఉండొద్దు. హీటింగ్ మాంటిల్ (మంట లేని కరెంటు హీటర్) వాడు, కిటికీలు తెరువు.

కొత్తపేట:
హరిత ద్రావణం అన్నంత మాత్రాన ప్రమాదం లేనిదని కాదు, నిజమే.

తెనాలి మాస్టారు:
ద్రావణం కాదండీ, ద్రావణి. కరిగించేది ద్రావణి, కరిగేది ద్రావితం, రెండూ కలిస్తే ద్రావణం. ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పీ చెప్పీ గొంతు పోయింది, పెద్దవాళ్లూ ఇలాగే రాస్తే ఎలా?

కొత్తపేట:
సరే మాస్టారూ, ద్రావణి. కానీ గ్రీన్ అంటే మొక్కల నుంచి వచ్చినదనుకోవడం తప్పు. 1998లో కెమిస్టులు అనస్టాస్, వార్నర్ రాసిన గ్రీన్ కెమిస్ట్రీ 12 సూత్రాల్లో అయిదోది ద్రావణుల గురించే: వీలైతే అసలు వాడొద్దు, వాడితే హాని లేనిది వాడు అని.

బ్రాడీపేట:
కలిపింది మామూలే సార్. ఎసిటేట్ సారం 100 మి.లీ., 200 మి.లీ. నీళ్లలో 40 గ్రాముల కాస్టిక్ సోడా, మూడు గంటల రిఫ్లక్స్ (ఆవిరి పోకుండా చల్లార్చి వెనక్కి దించుతూ మరిగించడం). హెక్సేన్‌తోనూ ఇంతే.

పటమట:
అదీ సంగతి. ఈ ముక్క మొదట్లోనే రాయాల్సింది. పొగాకులో సోలనెసాల్ కొంత కొవ్వు ఆమ్లాలతో ఎస్టర్‌గా (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడేది) ఉంటుంది, దాన్ని విడగొట్టడానికే కాస్టిక్. మరి ఇథైల్ ఎసిటేట్ కూడా ఎస్టరే కదా! 40 గ్రాముల కాస్టిక్ 88 గ్రాముల ఎసిటేట్‌ని తినేస్తుంది. నువ్వు పోసిన 100 మి.లీ. దాదాపు 90 గ్రాములు. ఇప్పుడు నీ ఫనెల్‌లో సాల్వెంటే లేదు. సోడియం ఎసిటేట్, ఆల్కహాల్, సబ్బు, నీళ్లు. వాసన చూశావా?

బ్రాడీపేట:
అవును సార్, పండ్ల వాసన పోయింది. సరుకంతా పోయినట్టేనా?

పటమట:
సోలనెసాల్‌కి ఏం కాదు. హెప్టేన్ పోసి రెండు మూడుసార్లు తియ్యి. గట్టిగా ఊపకు, సబ్బుంది, నురగ కడుతుంది. ఫనెల్‌ని పడుకోబెట్టి మెల్లగా దొర్లించు. ఈసారి ఎసిటేట్ మొత్తం వాక్యూమ్‌లో లాగేసి, మిగిలిన జిగురుని ఆల్కహాల్‌లో కరిగించి, అప్పుడు కాస్టిక్ వెయ్యి. లాగిన ఎసిటేట్ మళ్లీ వాడుకో.

కొత్తపేట:
హెప్టేన్ కూడా పెట్రోలియమే కదా, ఇంక గ్రీన్ ఏముంది?

పటమట:
హెక్సేన్ ఒంట్లోకెళ్లి 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారుతుంది, కాళ్లూ చేతుల నరాలు దెబ్బతినేది దానివల్లే. హెప్టేన్‌తో ఆ బెడద చాలా తక్కువ. రోజూ పీల్చేది ఆ కుర్రాడు.

ఆటోనగర్:
హెప్టేనూ మండేదే. మాంటిల్ మర్చిపోవద్దు.

తెనాలి మాస్టారు:
పొగాకు వ్యర్థం అంటున్నారు, ఈనెలా, ఆకు పొడా? సోలనెసాల్ ఆకులో ఉన్నంత ఈనెలో ఉండదు. పోషక మాత్రల్లో వాడే కో-ఎంజైమ్ క్యూ10 తయారీకి పనికొచ్చే సరుకుని పట్టుకుని వ్యర్థం అనడం నాకు నచ్చదు.

కొత్తపేట:
మరేమనాలి మాస్టారూ? మిగులు అంటే చాలదు, తాలు అంటే వడ్లకి పోతుంది.

బ్రాడీపేట:
పైన పొర వచ్చింది, పసుపురంగులో. థాంక్సండీ అందరికీ. మాంటిల్ లేదు, వేడినీళ్ల తొట్టె పెట్టా.

ఆటోనగర్:
తొట్టెకి వేడి దేంతో?