వ్యసనానికి లోనైన సైనికుడికి చికిత్స చేయించాలా, ఇంటికి పంపాలా?

లెక్కలమనిషి: మత్తుకు బానిసైన సైనికుడిని కొలువు నుంచి తప్పించడమే లాభమని నా వాదన. అమెరికా సైన్యంలో 1980 సర్వే నాటికి, గడిచిన నెలలో మత్తుమందు వాడామన్నవారు నూటికి సుమారు 27 మంది. 1981లో నిమిట్జ్ అనే విమానవాహక యుద్ధనౌకపై విమానం కూలి 14 మంది మరణించి, మృతుల్లో కొందరు మత్తుమందు వాడినట్టు తేలాక మూత్రపరీక్షలు కఠినమై, 1992 నాటికి ఆ సంఖ్య నాలుగు లోపుకు దిగింది. పని చేసింది పరీక్ష, చికిత్స కాదు.

పాతసిపాయి: నేను చూసిన పటాలంలో మనుషులను తిన్నది మద్యం. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు.

వైద్యసేవిక: తప్పించినవాడి స్థానంలో కొత్తవాడిని ఏళ్లపాటు తీర్చిదిద్దే ఖర్చును కూడా మీరు వదిలేశారు. వియత్నాంలోని అమెరికన్ సైనికుల్లో దాదాపు ఐదోవంతు మంది అక్కడ మత్తుకు బానిసలయ్యామని చెప్పారు. 1971 నుంచి పరీక్షలో దొరికినవారిని ఆపి, మత్తు దిగాకే ఇంటికి పంపారు. వారిపై అమెరికా పరిశోధకురాలు లీ రాబిన్స్ చేసిన పరిశోధన ప్రకారం, ఆ బానిసల్లో మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు నూటికి ఐదుగురే.

లెక్కలమనిషి: వారిలో అత్యధికులు ఇంటికి చేరాక ఏ చికిత్సా తీసుకోలేదు. అది నా వాదనకే బలం.

వైద్యసేవిక: వారికి పరిసరాలు మారాయండి. చికిత్స ముగించుకున్న సైనికుడు తిరిగి వెళ్లేది అదే బ్యారక్‌కు, అదే జట్టులోకి.

పాతసిపాయి: మా తమ్ముడు పొద్దున్నే తుపాకీ శుభ్రం చేస్తుంటే చేతులు వణికి, గుడ్డముక్క గొట్టంలోకి దూరేది కాదు. తనంతట తానే వెళ్లి చెప్పుకొని, చికిత్స పూర్తిచేసి, చుక్క ముట్టకుండా తిరిగొచ్చాడు. అయినా ఆ సంగతి అతని ఫైలుకెక్కింది. తర్వాత చేరినవాళ్లకు పదోన్నతులు వచ్చాయి, వాడికి రాలేదు. అది చూసిన ఇద్దరు తాగుబోతులు నోరు మూసుకున్నారు. ఈ నష్టం మీ పద్దులో ఏ గడిలో ఉంది?

లెక్కలమనిషి: మీ ఇంటి పదోన్నతి కోసం అందరి ప్రాణాలను పణంగా పెట్టమంటారా? రాత్రి కాపలాలో నా జోడీ తాగి తుపాకీ జారవిడిస్తే పేలిన గుండు నా మడమను తీసుకుపోయింది. నాకు ఖర్చుతో పనిలేదు. పక్కన నిలబడినవాడి పరిస్థితి నాకూ, నా అధికారికీ తెలియాలి.

వైద్యసేవిక: ఆ మాట మొదటే చెప్పి ఉండవలసింది. 2019లో అమెరికా భూసైన్యం, మద్యం విషయంలో స్వయంగా వచ్చినవారికి తప్పనిసరి వ్యసన చికిత్స కార్యక్రమంలో చేర్చకుండానే వైద్యం అందించే వీలు కల్పించింది. చికిత్స గోప్యంగా ఉన్నా, వైద్యుడు సరేననేంతవరకు ఆయుధం అప్పగించకుండా ఉంచవచ్చు కదా?

లెక్కలమనిషి: ఆయుధం ఎందుకు ఇవ్వలేదని జట్టు అడిగితే ఏం చెబుతారు?

పాతసిపాయి: భుజం నొప్పి అని చెబుతారు. మా తమ్ముడికి ఆ ఒక్క మాట సాయం దొరకలేదు.