సౌదీకి ఒంటరిగా వెళ్తే ఏమేం చూసుకోవాలి?

బెంజ్‌సర్కిల్, విజయవాడ:
రియాద్, అల్‌ఉలా చూడాలని ఉంది. ఒక్కదాన్నే. "బురఖా లేకపోతే పట్టుకుపోతారు" అని ఇంట్లో ఒకటే గోల. బట్టలు, హోటల్, సామాను సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట:
ఆ మాట పాతదమ్మా. 2019 నుంచి విదేశీ ఆడవాళ్లకు అబాయా (ఒళ్లంతా కప్పే పొడుగు వదులు అంగీ) తప్పనిసరి కాదు, ఒంటరిగా వెళ్లినా హోటల్లో గది ఇస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే వదులు బట్టలు చాలు. మన పొడుగు కుర్తా, పలాజో, చున్నీ భేషుగ్గా సరిపోతాయి. రియాద్ మెట్రోలో ఆడవాళ్లు, కుటుంబాలు ఎక్కే ఫ్యామిలీ పెట్టె ఎక్కు.

బ్రాడీపేట, గుంటూరు:
బట్టలకన్నా సూట్‌కేసు ముఖ్యం తల్లీ. గసగసాలు చెంచాడు కూడా వద్దు, అక్కడ మత్తుపదార్థం కింద లెక్క. విడిగా పెట్టకపోయినా, ఇంట్లో దంచిన మసాలా పొడిలో కలిసిపోయి ఉంటాయి. చాలామంది మరిచేది అదే. అమ్మను అడిగి మరీ చూసుకో. ట్రమడాల్, కోడీన్ (కొన్ని నొప్పి, దగ్గు మందుల్లో ఉంటాయి) ఉన్న మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా పట్టుకెళ్లకు.

పటమట:
అవును, గసగసాల మాట నేను చెప్పాల్సింది. అల్‌ఉలాలో హెగ్రా అనే చోట రాతిలో తొలిచిన పురాతన సమాధులకు టికెట్ ముందే కొనుక్కో. మక్కాలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. శుక్రవారం పొద్దున చాలా దుకాణాలు తెరవరు, కావలసినవి గురువారమే కొనిపెట్టుకో.